వీడియో చాలునా, మనిషి కావాలా: ఇంటి పనులు నేర్చుకునే వారికి ఒక పోలిక

తిరుపతిలో మా వీధిలో ఏ వస్తువు చెడినా, ఎవరికి ఏ కొత్త పని నేర్చుకోవాలనిపించినా, మొదట వినిపించే మాట ‘యూట్యూబులో చూద్దాం’ అన్నదే. కుళాయి కారుతున్నా, ఫ్యాను నెమ్మదించినా, జాకెట్టు కత్తిరించాలన్నా, ఎల్‌ఎల్‌ఆర్‌కు (లెర్నింగ్ లైసెన్సుకు) దరఖాస్తు పెట్టాలన్నా, ముప్పై మంది చుట్టాలు వస్తున్నారని తెలిసి పెద్ద గిన్నెలో సంకటి గెలకవలసి వచ్చినా ముందు ఫోను బయటికి వస్తుంది. మా చిన్నతనంలో ఇవే పనులకు మేనమామనో, పక్కింటి పెద్దమ్మనో, సందు చివరి మెకానిక్కునో అడిగేవాళ్ళం. వాళ్ళకు తీరిక ఉంటే చెప్పేవారు, లేకపోతే రేపు రమ్మనేవారు. ఆ ఎదురుచూపు పోయినందుకు వీడియోలు మంచివేనని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే అన్ని పనులకూ అదే దారి పట్టి డబ్బు, గుడ్డ, మొక్క పోగొట్టుకున్న వాళ్ళను చూశాను, వాళ్ళలో నేనూ ఉన్నాను. ఏ పనికి వీడియో చాలు, ఏ పనికి అచ్చులో ఉన్న కాగితం మేలు, ఏ పనికి మనిషి పక్కన నిలబడి తీరాలి అన్నది తేల్చుకోవడానికి నేను వాడుతున్న కొలతను ఇక్కడ రాస్తున్నాను.

ఆ కొలత ఒక్క ప్రశ్నే. ఈ పనిలో తప్పు చేస్తే ఆ తప్పు నాకు ఎప్పుడు తెలుస్తుంది, తెలిసేసరికి ఎంత పోయి ఉంటుంది? వీడియో పని వచ్చిన వాడి చేతిని మనకు చూపిస్తుంది గానీ మన చేతిని చూడదు. అందువల్ల తప్పు జరిగిందని మనకు చెప్పే భారం ఆ పనిమీదే పడుతుంది. తప్పు చేసిన మరు నిమిషంలోనే పని తానుగా ఆ సంగతి బయటపెట్టి, మళ్ళీ చేయడానికి పెద్ద ఖర్చు లేకపోతే వీడియోను మించిన గురువు అక్కరలేదు. తప్పు నెలకో, మూడేళ్ళకో బయటపడే పనుల్లోనూ, ఒకసారి పోతే తిరిగిరాని వస్తువు చేతిలో ఉన్న పనుల్లోనూ, మన చేతిని చూసి ‘ఆగు’ అని చెప్పగలిగిన మనిషి కావాలి. ఇక అంకెలు, తేదీలు, మోతాదులు ముఖ్యమైన పనులకు ఈ రెండింటికంటే రాతలో ఉన్నదే నమ్మకం.

వీడియో గెలిచే చోటు

గడిచిన ఎండాకాలంలో మా హాల్లోని ఫ్యాను ఐదో నంబరు మీద పెట్టినా రెండో నంబరు మీద ఉన్నట్టే తిరగసాగింది. ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేస్తే, మే నెలలో ఆయన దొరకడం వేసవి సెలవుల్లో కొండమీద గది దొరకడంతో సమానమని తెలిసింది. తెలుగులో ఉన్న ఎనిమిది నిమిషాల వీడియో ఒకటి చూశాను. ఫ్యాను శబ్దం లేకుండా తిరుగుతూ వేగం మాత్రం తగ్గితే చాలాసార్లు కారణం కెపాసిటర్, అంటే మనం దుకాణంలో కండెన్సర్ అని అడిగే చిన్న డబ్బా, బలహీనపడడమేనని అందులో చెప్పారు. మామూలు సీలింగ్ ఫ్యాన్లలో ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుందని, అయినా ఊహతో కొనకుండా పాతదాని మీద ఏ అంకె ఉంటే అదే అంకె ఉన్నది తెచ్చుకోవాలని కూడా చెప్పారు. గోడమీద స్విచ్ ఆపితే చాలదు, మెయిన్ దగ్గర ఎంసీబీ, అంటే కరెంటు ఆపే మీట, దించాలి. విప్పిన కెపాసిటర్‌లో కరెంటు కాసేపు నిలిచి ఉండవచ్చు కాబట్టి దాని తీగల కొనలను వేళ్ళతో ముట్టకూడదు. ఈ రెండు హెచ్చరికలూ లేని వీడియో అయి ఉంటే నేను నిచ్చెన ఎక్కేదాన్ని కాదు.

ఫ్యాను గిన్నెను కిందికి జార్చి, లోపలి తీగలు ఎలా ఉన్నాయో విప్పకముందే ఫోనుతో ఫొటో తీసుకుని, వీడియోను మూడుచోట్ల ఆపి, ఒకచోట వెనక్కి తిప్పి చూస్తూ పని ముగించడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. పని వచ్చినవాడికి పది నిమిషాల పని. కానీ ఎంసీబీ ఎత్తి స్విచ్ వేయగానే ఫ్యాను తానే తీర్పు చెప్పింది. సరిగ్గా బిగించానా లేదా అని ఇంకొకరిని అడగవలసిన అవసరం రాలేదు. పైగా ఆ ఫ్యాను మా ఇంట్లో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా, వీడియో తీసినాయన ఇంట్లో ఉన్నా అదే కెపాసిటర్, అవే రెండు తీగలు. మనిషికి మనిషికి మారనిది, ఊరికి ఊరికి మారనిది, ఫలితం వెంటనే కంటికి కనిపించేది అయితే వీడియో చాలునని నేను చెప్పేది ఈ లక్షణాలను చూసే.

కుళాయిలో వాషరు మార్చడం, సైకిలు చైను ఎక్కించడం, ఫోనులో సెట్టింగులు వెతకడం, చుక్కల ముగ్గులు, చీర కట్టులో కొత్త రకాలు, పిల్లల ప్రాజెక్టుకు అట్టముక్కలతో బొమ్మలు చేయడం వంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి. వంట కూడా చాలావరకు ఇక్కడిదే, ఎందుకంటే ఉప్పు ఎక్కువైతే నాలుక చెబుతుంది, సంకటి ఉండలు కడితే తెడ్డుకు తెలుస్తుంది. నలుగురికి చూపించిన వంటను ముప్పై మందికి లెక్క కట్టి పెంచేటప్పుడు మాత్రం వీడియో చేతులెత్తేస్తుంది. నీళ్ళు, ఉప్పు, మంట అన్నీ ఒకే లెక్కన పెరగవన్న సంగతి పెద్ద గిన్నెల ముందు నిలబడిన వంటమనిషికే తెలుసు.

ఈ పనుల్లో రాతకంటే వీడియో ఎందుకు మేలో కూడా చెప్పాలి. వస్తువుతో పాటు వచ్చే చిన్న పుస్తకంలో ‘క్లిప్పును నొక్కి పట్టుకుని కవరును ముందుకు జార్చండి’ అని ఉంటుంది. ఆ క్లిప్పు ఎక్కడ ఉందో, ఎంత బలంగా నొక్కాలో, జార్చినప్పుడు వినిపించే ‘టక్’ అన్న శబ్దం సహజమైనదో లేక విరిగిన శబ్దమో అందులో ఉండదు. ఆ ‘టక్’ వీడియోలో వినిపిస్తుంది. రాయడం చదవడం పెద్దగా రాని మా అత్తగారికి కూడా ఆ శబ్దం అర్థమవుతుంది. ఫోన్లు వచ్చాక ఆమె నేర్చుకున్న పనుల జాబితా మా ఇంట్లో అందరికంటే పెద్దది.

జాకెట్టు నేర్పిన పాఠం

ఫ్యాను ఇచ్చిన ధైర్యంతో నేను జాకెట్టు జోలికి వెళ్ళాను. వీడియోలో ఉన్నామె 36 సైజుకు కత్తిరిస్తూ, చెస్ట్ రౌండ్‌లో నాలుగో వంతు తీసుకుని, దానికి లూజు, కుట్టు కోసం వదిలే గుడ్డ కలుపుకోమని చక్కగా చెప్పింది. నా కొలత 40 కాబట్టి తొమ్మిది అంగుళాలకు బదులు పది తీసుకున్నాను. షోల్డరు, నెక్ డీపు, డాట్లు, హుక్స్ పట్టీ, కాజా పట్టీ అన్నీ ఆమె చెప్పిన వరుసలోనే చేశాను. లెక్కలో ఒక్క తప్పు లేదు. రెండు రోజుల తరువాత చివరి కుట్టు వేసి తొడుక్కుని చూస్తే ఛాతీ దగ్గర సరిగ్గా ఉంది గానీ, కుడి చేయి పైకెత్తితే చంక దగ్గర పట్టేసి జాకెట్టు మొత్తం పైకి లేచింది. అది పట్టు చీరతో వచ్చిన గుడ్డ. అటువంటి ముక్క మళ్ళీ ఏ అంగడిలోనూ దొరకదు.

దాన్ని తీసుకుని మా వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న అక్క దగ్గరికి వెళ్ళాను. ఆమె జాకెట్టును చూడలేదు, నన్ను నిలబెట్టి వెనకనుంచి నా భుజాలను చూసింది. “కుడి భుజం కొంచెం వాలి ఉండాది పాపా. నువ్వు రెండుపక్కలా ఒకే కొలత పెట్టినావు. వీడియోలో ఆమె బొమ్మకు కుట్టింది, బొమ్మకు భుజాలు సమానంగానే ఉంటాయి కదా” అన్నది. అంతలోనే నా చేత ఒక పాత గుడ్డ మీద కుట్టు వేయించి, “గుడ్డను అట్ల గుంజబాకు, మిషనే తీసుకుపోతాది, నువ్వు ఊరికే దారి చూపించు” అని నా మణికట్టు మీద చేయి వేసి ఆపింది. నేను గుడ్డను వెనకనుంచి లాగుతున్నానన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. ఏ వీడియో చూసినా తెలిసి ఉండేది కాదు, ఎందుకంటే వీడియో చూసేటప్పుడు నా కళ్ళు ఆమె చేతుల మీద ఉన్నాయి, నా చేతుల మీద లేవు.

తరువాత నెల రోజులు మధ్యాహ్నాలు ఆమె దగ్గర కూర్చున్నాను. ఆమె తీసుకున్న రుసుము పాడైన ఆ గుడ్డ ఖరీదుకంటే తక్కువ. విచిత్రం ఏమిటంటే, ఆ నెల గడిచాక అంతకుముందు చూసిన వీడియోలే నాకు రెట్టింపు ఉపయోగపడసాగాయి. మెడ డిజైన్లు, పైపింగు, చేతులకు కుచ్చులు, ప్రిన్సెస్ కట్ వంటివి ఇప్పుడు నేను వీడియోలు చూసే నేర్చుకుంటున్నాను. చెప్పేది మనకు వర్తిస్తుందో లేదో జల్లెడ పట్టే జ్ఞానం ముందుగా మనిషి దగ్గర వచ్చింది కాబట్టి అది సాధ్యమైంది. కుట్టు, వాద్యం, యోగాసనాలు, బండి నడపడం వంటి శరీరంతో ముడిపడిన పనులన్నిటికీ నేను ఇదే వరుస సూచిస్తాను: పునాది మనిషి దగ్గర, రకాలు వీడియోలో. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు. ఆరు నెలలు వీడియోలతో కుస్తీ పట్టి, చెడు అలవాట్లు చేతికి పట్టాక క్లాసుకు వెళుతున్నారు. అప్పుడు నేర్పేవాళ్ళకు రెండు పనులు అవుతాయి.

అంకెలున్న చోట కాగితం

మా పుట్టింటివాళ్ళది చిత్తూరు వైపు పల్లె. అక్కడ వేరుశనగ సాగు మీద వీడియోలకు కొదవ లేదు. మా తమ్ముడు ఒకసారి వేరే రాష్ట్రం నేలకు చెప్పిన ఎరువుల మోతాదును తన చేనుకు అన్వయించుకోబోయాడు. వేరుశనగకు పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలన్న సంగతి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా అచ్చువేసే వ్యవసాయ పంచాంగంలో ఒక్క వాక్యంలో ఉంటుంది. అదే సంగతిని పద్నాలుగు నిమిషాల వీడియోలో వెతుక్కోవాలంటే ముందు పలకరింపులు, తరువాత ప్రకటన, ఆ తరువాత చేను చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తి కావాలి. పైగా చెప్పేవారు తడబడి ఎకరాకు బదులు హెక్టారు అన్నా, వినేవారు అలా విన్నా రెండున్నర రెట్లు తేడా వస్తుంది. మందు డబ్బా మీది మోతాదును డబ్బామీదే చదవాలి. ఏ విత్తనం మన నేలకు సరిపోతుందన్న ప్రశ్నకు నారాయణి, ధరణి వంటి వేరుశనగ రకాలను రూపొందించిన తిరుపతి వ్యవసాయ పరిశోధన కేంద్రం మనకు చేతికందే దూరంలో ఉండగా, ముఖం తెలియని వాళ్ళ సలహా ముందుగా వినవలసిన అవసరం లేదు. ఊరు కదలలేని వాళ్ళకు కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 ఉచితం; అందులో తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రభుత్వ దరఖాస్తుల విషయంలో పోలిక ఇంకా సూటిగా ఉంటుంది. వీడియో దారి చూపించడానికి పనికొస్తుంది, నిబంధన తెలుసుకోవడానికి పనికిరాదు. లెర్నింగ్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది, అది వచ్చిన 30 రోజుల తరువాత శాశ్వత లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు అన్న నియమాన్ని అధికారిక వెబ్‌సైటులో చదువుకోవాలి. బండితో ఎనిమిది అంకె ఎలా తిప్పాలో మాత్రం వీడియోలో చూసుకోవచ్చు. భూమి రికార్డుల విషయంలో తెలుగు వీడియో కదా అని గుడ్డిగా నమ్మి తెలంగాణలో అప్పట్లో ఉన్న ధరణి పోర్టల్ మీద చేసిన పాఠాన్ని మన ఆంధ్రప్రదేశ్ వెబ్‌సైటు మీభూమిలో వెతికి విసిగిపోయిన పెద్దవాళ్ళు మా బంధువుల్లోనే ఇద్దరున్నారు. తిరుపతి జిల్లా వాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయింది కాబట్టి, అంతకుముందు తీసిన వీడియోల్లో మన మండలాలు చిత్తూరు జిల్లా కిందనో, నెల్లూరు జిల్లా కిందనో కనిపిస్తాయి. అందుకే దరఖాస్తుల వీడియో దేనికైనా మొదట చూడవలసింది అది పెట్టిన తేదీ.

తప్పు ఆలస్యంగా పలికే పనులు

మామిడి అంటు కట్టడం చూడడానికి ఎంత సులువుగా ఉంటుందంటే, వీడియో ముగిసేసరికి కత్తి చేతిలోకి తీసుకోవాలనిపిస్తుంది. టెంక మొలిచి పది పదిహేను రోజులైన, ఇంకా రాగిరంగు ఆకులతో ఉన్న మొలకను పైన కోసి, మధ్యలో చీల్చి, మంచి చెట్టునుంచి తెచ్చిన కొమ్మను కింద చీలికలా చెక్కి అందులో దూర్చి పాలిథీను పట్టీతో కడతారు. పని అంతా రెండు నిమిషాలది. చిత్తూరు జిల్లాలో తోతాపురి తోటల మధ్య పుట్టిన పిల్లలకైతే ఇది తెలిసిన దృశ్యమే. అయితే ఆ కొమ్మను చెట్టుమీద ఉండగానే వారం పది రోజుల ముందు ఆకులు దూసి మొగ్గ ఉబ్బేలా సిద్ధం చేసుకోవాలన్న సంగతి చాలా వీడియోల్లో తెరమీదికి రాదు, ఎందుకంటే వీడియో తీసిన రోజున ఆ కొమ్మ అప్పటికే సిద్ధంగా ఉంటుంది. కోత ఎంత నునుపుగా ఉండాలో, రెండు బెరడులు కనీసం ఒకపక్కనైనా ఎలా కలవాలో కంటికంటే బొటనవేలికి బాగా తెలుస్తుంది. మీరు కట్టిన అంటు బతికిందో లేదో కొన్ని వారాలకు గానీ తేలదు. ఏ కొమ్మ తెచ్చి కట్టారన్న నిజం చెట్టు కాపుకు వచ్చినప్పుడు, అంటే ఏళ్ళు గడిచాక బయటపడుతుంది.

అంటే వీడియో చూడవద్దని కాదు. ముందు వీడియో చూసి, ఆ తరువాత నర్సరీలో ఒక పూట నిలబడి, పనికిరాని మొలకల మీద ఇరవై అంట్లు కట్టి చూపించండి. రేణిగుంట దగ్గర కరకంబాడిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అటువంటి చోట్ల జరిగే శిక్షణల్లో మీ కోతను ఒకరు చేతిలోకి తీసుకుని చూస్తారు. ఆ ఒక్క పూట విలువ వంద వీడియోలకు లేదు.

శ్రీకాళహస్తి కలంకారీ ఇంతకంటే గట్టి ఉదాహరణ. గుడ్డను ఉతికి గంజి పోగొట్టి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు కలం నుంచి దిగిన రంగు గుడ్డలో పాకకుండా ఆపుతుంది. బెల్లం నీళ్ళలో తుప్పు పట్టిన ఇనుమును ఊరబెట్టి తీసిన ద్రవం, గుడ్డలోని కరక్కాయ వగరుతో కలిసినప్పుడు నల్లగా మారుతుంది. వెదురు పుల్లకు చుట్టిన గుడ్డ ఉండను వేళ్ళతో నొక్కుతూ ఆ నలుపుతో గీత గీస్తారు. ఇదంతా వీడియోలో చూపించవచ్చు, చూపిస్తున్నారు కూడా. కానీ ఇనుము ఊరిందా లేదా అన్నది వాసనతో తెలిసే సంగతి, ఉండను ఎంత నొక్కితే ఎంత రంగు దిగుతుందన్నది వేలికొనకు తెలిసే సంగతి. ఊరకముందే వాడితే గీత అప్పటికి బాగానే ఉన్నా తరువాతి ఉతుకుల్లో వెలిసిపోతుంది. అప్పటికి బొమ్మ సగం పూర్తయి ఉంటుంది. 1950ల చివర్లో ఈ కళ అంతరించే దశలో ఉన్నప్పుడు దాన్ని నిలబెట్టడానికి ప్రభుత్వం శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రాన్నే పెట్టింది, గురువును శిష్యుల పక్కన కూర్చోబెట్టింది. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి ఈ విద్య తండ్రి నుంచి వచ్చింది. ఊరు మనకు గంట ప్రయాణం. అటువంటప్పుడు బయటి రాష్ట్రంలో ఉన్నవాళ్ళు వీడియోతో సరిపెట్టుకుంటే అర్థం ఉంది గానీ, తిరుపతిలో ఉండి సరిపెట్టుకోవడం నాకు నష్టంగానే కనిపిస్తుంది.

అసలు ముట్టుకోకూడనివి

గ్యాసు స్టవ్వు లోపలి భాగాలు, రెగ్యులేటరు, మెయిన్ బోర్డులోని తీగలు వీడియో చూసి విప్పవలసినవి కావు. గ్యాసు వాసన వస్తే ఫోను చేయవలసిన నంబరు 1906. ఎముకలు కట్టే వీడియోలు కూడా ఈ మధ్య కనిపిస్తున్నాయి. పుత్తూరు కట్టుకు దక్షిణాది అంతటా పేరు ఉన్న మాట నిజమే, ఆ పేరు ఉన్నందుకే ఇంట్లో పిల్లవాడి చేతిని వీడియో చూసి లాగాలన్న ఆలోచన ఎవరికైనా రావచ్చునని భయపడి ఈ మాట రాస్తున్నాను. ఎముక విరిగిందా లేదా అన్నది ఎక్స్‌రే తేల్చాలి. ఇంకొకటి: వస్తువు చెడినప్పుడు వీడియో కిందనో, వ్యాఖ్యల్లోనో కనిపించే కస్టమర్ కేర్ నంబరుకు ఎప్పుడూ ఫోను చేయవద్దు. అటువంటి నంబరు చెప్పిన యాప్‌ను ఫోనులో ఎక్కించుకుని డబ్బు పోగొట్టుకునే మోసాలు జరుగుతూనే ఉన్నాయి. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు చెప్పుకోవాలి.

మనిషి అని తేలాక, ఏ మనిషి

ఇక్కడ మూడు దారులు ఉన్నాయి, మూడింటి స్వభావం వేరు. వీధిలో పని చేసుకునే దర్జీ, మెకానిక్కు, నర్సరీవాడు నేర్పేది నిజమైన పని. ఎదుట ఉన్న గిరాకీ పని మీదే మీరు నేర్చుకుంటారు, కాబట్టి తప్పుకు చోటు తక్కువ, చూపు మాత్రం గట్టిపడుతుంది. వాళ్ళకు వివరించే తీరిక గానీ, అలవాటు గానీ ఉండదు. ‘ఎందుకు’ అని అడిగితే ‘అంతే’ అంటారు. ఆ ‘ఎందుకు’కు జవాబు చాలాసార్లు రాత్రి వీడియోలో దొరుకుతుంది. డబ్బు కట్టే క్లాసుల్లో వరుస ఉంటుంది, కానీ చేరేముందు ఒక గదిలో ఎంతమందిని కూర్చోబెడతారో అడగండి. ముప్పై మందికి ఒకరు నేర్పితే ఆ నేర్పేవారు కూడా మీ చేతిని చూడలేరు, అది ఖరీదైన వీడియోయే అవుతుంది. మా బంధువుల అమ్మాయి ఒక చోట మూడు నెలల బ్యూటీషియన్ కోర్సుకు ముందే మొత్తం సొమ్ము కట్టి, సగం రోజులు తెరమీద వీడియోలు చూసి వచ్చింది.

మూడోది బ్యాంకుల ఆధ్వర్యంలో జిల్లాల్లో నడిచే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు. పల్లెల్లోని యువతకు కుట్టు, ఫోన్ల మరమ్మతు, పాడి వంటివి అక్కడే బస, భోజనం పెట్టి ఉచితంగా నేర్పుతారు. ఇల్లు వదిలి కొన్ని వారాలు ఉండగలిగిన వాళ్ళకు ఇది అన్నిటికంటే మంచి బేరం. చిన్నపిల్లల తల్లులకు మాత్రం కుదరదు. చదువుకు సంబంధించిన విషయాలైతే, ఆన్‌లైన్ కోర్సులు నడిపే స్వయం, ఎన్‌పీటీఈఎల్ పాఠాలు వీడియోలే అయినా వాటికి అభ్యాసాలు, గడువులు, పరీక్ష ఉంటాయి కాబట్టి నేను వాటిని మామూలు వీడియోలతో కలిపి లెక్కించను.

వీడియో అని తేలాక, ఏ వీడియో

నిడివి తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోవడం మన సహజ గుణం. నిమిషం వీడియోలు ఆశ పుట్టించడానికి పనికొస్తాయి, పని నేర్పడానికి కాదు. నూనెలో పిండి పడిన మరుక్షణం గారె తేలే వీడియోలో పప్పు ఎంతసేపు నానిందో ఉండదు. నేను చూసేది ఇవి: పని మొదలునుంచి చివరిదాకా కోత లేకుండా చూపించారా, పనిచేసే చేతులు దగ్గరగా కనబడుతున్నాయా, ఎక్కడైనా తప్పు జరిగి దాన్ని సరిదిద్దడం చూపించారా. ఈ మూడోది ఉన్న వీడియో కంటబడితే దాన్ని వెంటనే భద్రపరుచుకుంటాను, ఎందుకంటే తప్పును దాచకుండా ఉంచినవాళ్ళు తక్కువ. 2021 నవంబరునుంచి యూట్యూబులో ఎంతమందికి నచ్చలేదో బయటికి కనిపించడం లేదు కాబట్టి వ్యాఖ్యలు చదవాలి. ‘సూపర్ అక్కా’ అన్నవి వదిలేసి, ‘నేను చేస్తే ఇలా అయింది’ అన్నవి వెతకాలి. వేగాన్ని 0.75కు తగ్గించి చూడడం కుట్టుకు, ముగ్గుకు బాగా ఉపయోగపడుతుంది. సిగ్నలు అందని పల్లెలో పని ఉంటే ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

భాష విషయంలో చిత్తూరు, తిరుపతి వాళ్ళకు ఒక అదృష్టం ఉంది: చాలామందికి తమిళం అర్థమవుతుంది. ఉప్పునీటికి కుళాయిలు పట్టేయడం, రాతి నేలలో బోరు మోటారు బాధలు, రాగి పిండి, పడి కొలతలు వంటి వాటికి ఎక్కడో ఉత్తరాదిన తీసిన వీడియో కంటే వేలూరు వైపు తీసిన తమిళ వీడియో మన ఇంటికి దగ్గరగా ఉంటుంది. కాగితాల పనికి మాత్రం ఆ చుట్టరికం పనిచేయదు. భూమి రికార్డుల్లో వాళ్ళ పట్టా చిట్టాలు వేరు, మన అడంగల్, 1బి వేరు.

రెండు దారుల మధ్య ఇంకా తేల్చుకోలేని వాళ్ళకు, మనిషి దగ్గరికి రోజూ వెళ్ళలేని వాళ్ళకు నేను ఈ మధ్య చేస్తున్న పని ఒకటి ఉపయోగపడవచ్చు. ఫోనును డబ్బా మీద ఆనించి నా చేతులనే వీడియో తీస్తున్నాను. చేయి జాకెట్టుకు అతికించే మూడు నిమిషాల పనిని అలా తీసి మా కుట్టుమిషను అక్కకు వాట్సాప్‌లో పంపితే, ఆమె రాత్రి గిన్నెలు కడుక్కున్నాక చూసి, పన్నెండు సెకన్ల మాటలో జవాబు పంపింది: “రెండో నిమిషం కాడ ఆపి చూడు పాపా, పైగుడ్డను వదిలేసి లైనింగునే పట్టుకోనుండావు.” ఆపి చూశాను. అలాగే ఉంది.